దురదే కదా అని ట్యూబు కొనేముందు

దురదకి మన జిల్లాల్లో మర్యాద లేదు. జ్వరమొస్తే పని మానుకొని పడుకుంటారు. గుండెలో పట్టేసినట్టుంటే అర్ధరాత్రయినా ఆటో మాట్లాడుకొని నెల్లూరు పోతారు. దురద అని చెప్పుకుంటే మాత్రం ఇంట్లోవాళ్ళే తేలిగ్గా తీసిపారేస్తారు, లేదంటే ఎక్కడ అంటుకుంటుందోనని కాస్త దూరంగా జరిగి కూర్చుంటారు. చెప్పుకోవడానికే సిగ్గుపడే బాధ కాబట్టి ఆ మనిషి అసలు డాక్టర్ దగ్గరికి చేరేసరికి నెలలు గడిచిపోతాయి. ఈలోగా నాలుగైదు రకాల ట్యూబులు, ఇంజెక్షన్లు, పసర్లు అన్నీ అయిపోయుంటాయి.

నేను కావలిలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాదు. ఎవరికి ఏం జబ్బో చెప్పే అధికారం నాకు లేదు, చెప్పను కూడా. కానీ సిరంజి పట్టుకొని రోజంతా మనుషుల చేతులు చూసే పని నాది. నరం కోసం జాకెట్ చెయ్యి పైకి మడిచినప్పుడు ఆ చేతిమీద ఏముందో చాలాసార్లు డాక్టర్ కన్నా ముందు నాకే కనపడుతుంది. ఇన్నేళ్ళుగా చూసినదాన్ని బట్టి నాకు గట్టిగా తోచినది ఒకటుంది. ఆరు వారాలు దాటిన దురదని చర్మం బాధగా మాత్రమే చూడకూడదు. దురద ముందొచ్చిందా, పొక్కు ముందొచ్చిందా అని అడగకుండా ఎవరూ ట్యూబు ఇవ్వకూడదు. ఆ మాట అడగకుండా ఎవరూ టెస్టులు కూడా రాయకూడదు. ల్యాబులో పనిచేసే మనిషిగా ఈ రెండో మాట కూడా అంతే గట్టిగా అంటున్నాను.

ఇళ్ళల్లో ముందు జరిగేది పథ్యం. వంకాయ నంజు, గోంగూర నంజు, చేపలు, రొయ్యలు అసలు ముట్టకూడదు. మా వైపు చేపల పులుసు మానుకోవడమంటే చిన్న విషయం కాదు, అయినా మానేస్తారు. తర్వాత గుడ్డు పోతుంది, ఆపైన పప్పు కూడా పోతుంది. చివరికి ఆ మనిషి చారన్నం, మజ్జిగన్నం మీద బతుకుతుంటాడు. వేడి చేసిందని సబ్జా గింజలు, రక్తం చెడిందని వేపాకు కషాయం. రొయ్యలు పడనివాళ్ళు లేరని కాదు. అయితే పడని తిండి వల్ల లేచే దద్దుర్లు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల్లోనో, రెండు గంటల్లోపో లేస్తాయి, ఒక రోజులో అణిగిపోతాయి. మూడు నెలలుగా పగలూ రాత్రీ వదలని దురదని మొన్న తిన్న వంకాయ మీదికి నెట్టేస్తే అసలు సంగతి పక్కకు పోతుంది. పైగా లోపల లివరో కిడ్నీయో దెబ్బతిని ఉంటే, ఈ సొంత పథ్యాలతో మనిషి ఇంకా నీరసించిపోతాడు.

తర్వాత మెడికల్ షాపు. దురద ట్యూబు ఇవ్వమంటే ఇచ్చేస్తారు. చాలా ట్యూబుల్లో మూడు మందులు కలిపి ఉంటాయి. ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, వాటితోపాటు క్లోబెటాసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్. రాయగానే చల్లబడేది ఆ స్టెరాయిడ్ వల్ల. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ దగ్గర ఈ నిబంధనని పట్టించుకునేవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు. గజ్జల్లో మొదలైన తామరకి ఈ ట్యూబు రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం నడుముకీ, పిరుదులకీ, ఒక్కోసారి ముఖానికీ పాకుతుంది. గుండ్రంగా, అంచు తేలి ఉండాల్సిన మచ్చ చెదిరిపోయి ఏ జబ్బో పోల్చుకోలేనట్టు తయారవుతుంది. ఆ తర్వాత స్కిన్ డాక్టర్ దగ్గరికి పోయినా ఆయనకీ గుర్తులు సరిగా దొరకవు. దేశమంతటా ఇప్పుడు మొండి తామర పెద్ద తలనొప్పిగా ఉంది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరు కలిపి ఒక ఫంగస్‌కి పేరు పెట్టేదాకా వచ్చింది. మామూలుగా వాడే టెర్బినాఫిన్ బిళ్ళలకి అది చాలాసార్లు లొంగడం లేదు.

ట్యూబుతో తగ్గకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్. పల్లెల్లో అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేది వాళ్ళే, ఆ మేలు నేను మర్చిపోను. కానీ దురదకి వేసే ఆ ఇంజెక్షన్ చాలాసార్లు డెక్సామెథాసోన్, అంటే మళ్ళీ స్టెరాయిడే. రెండు రోజులు హాయిగా నిద్ర పడుతుంది, తర్వాత మళ్ళీ మొదటికొస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఆ వారమంతా షుగర్ ఎగబాకుతుంది. ఆ రిపోర్టులు మా దగ్గరికే వస్తాయి, ఇంజెక్షన్ సంగతి చెప్పకపోతే డాక్టర్లు షుగర్ మందు పెంచేస్తారు కూడా. ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్‌లో దురద ఒక లక్షణం. స్టెరాయిడ్ పడితే ఆ గడ్డలు కొన్నాళ్ళు కరిగిపోతాయి. ఆ సమయంలో ముక్క తీసి బయాప్సీకి పంపినా జబ్బు సరిగా దొరక్కపోవచ్చు.

ఇక అసలు ప్రశ్న. దురద మీద పరిశోధన చేసే డాక్టర్ల అంతర్జాతీయ వేదిక ఒకటుంది. వాళ్ళు 2007లో దురదని మూడు గుంపులుగా విడదీశారు. ఒకటి, చర్మం మీద జబ్బు కనపడుతూ వచ్చే దురద. రెండు, చర్మం బాగానే ఉన్నా వచ్చే దురద. మూడోది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. గోకి గోకి పుండ్లు పడిపోయి, అసలు ఏది ముందో తెలియకుండా పోయిన దురద. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఈ మూడో గుంపే. వాళ్ళ ఒంటిమీద ఉన్నవి జబ్బు తెచ్చిన పొక్కులు కాకపోవచ్చు, వాళ్ళ గోళ్ళు తెచ్చిన పుండ్లు కావచ్చు. ఆ పుండ్లనే జబ్బనుకొని మందు రాస్తూ పోతే ఎన్నేళ్ళయినా తగ్గదు.

అది పోల్చుకోవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. గోళ్ళు చూడండి. నెలల తరబడి గోక్కునే మనిషి గోళ్ళు పాలిష్ పెట్టినట్టు నున్నగా మెరుస్తుంటాయి, అంచులు అరిగి ఉంటాయి. పొలం పనిచేసే చేతులకి ఆ మెరుపు అసలు పొసగదు, అందుకే ఇట్టే పట్టుబడుతుంది. తర్వాత వీపు చూడండి. చేతులు, భుజాలు, నడుము, తొడలు అన్నీ గీతలు, నల్ల మచ్చలు. వీపు మధ్యలో, రెండు చేతులూ అందని చోట మాత్రం చర్మం శుభ్రంగా ఉందంటే, ఆ మచ్చలన్నీ గోకడం వల్ల వచ్చినవేనని అర్థం. జబ్బు చర్మానిదే అయితే చెయ్యి అందని చోటుని ప్రత్యేకంగా వదిలిపెట్టదు కదా. ఒక్క జాగ్రత్త. కొంతమంది దువ్వెనతోనో, విసనకర్ర పిడితోనో, గోడకి ఆనుకొనో వీపంతా రుద్దుకుంటారు. అది అడిగితేగానీ చెప్పరు.

మా మేనత్త సంగతి చెబుతాను. కందుకూరు దగ్గర పల్లె ఆమెది. యాభై దాటింది. పొగాకు సీజన్లో గ్రేడింగ్ పనికి పోతుంది. ఆమెకి అరచేతులు, అరికాళ్ళు దురద మొదలైంది. ఇంటిల్లిపాదీ ఒకటే మాట, పొగాకు పడలేదని. మాట కొట్టిపారేసేది కాదు. ఆకు పనిలో చేతులు పాడవడం అందరికీ తెలిసిందే. పని మాన్పించారు, కూలి డబ్బులు పోయాయి, దురద మాత్రం అట్లాగే ఉంది. కావలి వచ్చినప్పుడు నాతో అంది, "పగలు తెలవదు అమ్మాయ్, రాత్రి పడుకుంటేనే. అరికాళ్ళు రాతికేసి రుద్దుకోవాలనిపిస్తాది. చూస్తే ఏముంది? ఒక్క పొక్కు లేదు." ఆ ఒక్క ముక్కలోనే సగం జవాబుంది. పొక్కు లేదు, రాత్రి పెరుగుతోంది, అరచేతులు అరికాళ్ళు, పని మానినా తగ్గలేదు.

ఆమె చేతిలో అప్పటికే ఒక రిపోర్టు ఉంది. కామెర్లేమోనని అనుమానమొచ్చి ఎవరో టెస్టు చేయించారు. బిలిరుబిన్ 0.8, నార్మల్. దాంతో లివర్ బాగానే ఉందని తేల్చి ఆ దారి మూసేశారు. ఇది ఆమె ఒక్కరి కథ కాదు, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతున్నాను. మన ఊళ్ళల్లో కామెర్ల టెస్టు అంటే బిలిరుబిన్ ఒక్కటే. కళ్ళు పచ్చబడ్డాయా లేదా అన్నది దానితో తెలుస్తుంది. పిత్తం పారే దారిలో ఇబ్బందుంటే మొదట పెరిగేది చాలాసార్లు బిలిరుబిన్ కాదు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్. మేం ఏఎల్‌పీ అంటాం. దానితోపాటు జీజీటీ అనే ఇంకో ఎంజైమ్ కూడా పెరిగితే ఆ ఏఎల్‌పీ ఎముకల నుంచి కాదు, లివర్ నుంచే వస్తోందని అర్థం. కళ్ళు పచ్చబడేనాటికి జబ్బు చాలా ముదిరి ఉండొచ్చు. దురద మాత్రం అంతకు ఏళ్ళ ముందే రావచ్చు.

ఆ రోజు అత్త రక్తం నేనే తీశాను. మా సెంటర్‌కి వచ్చే డాక్టర్ గారు లివర్ ప్రొఫైల్ మొత్తం రాశారు. ఏఎల్‌పీ ఉండాల్సినదానికి మూడు రెట్లకు పైగా ఉంది, బిలిరుబిన్ మళ్ళీ నార్మలే. నెల్లూరులో గ్యాస్ట్రో డాక్టర్ అల్ట్రాసౌండ్ తీయించి పిత్తనాళానికి రాయి కానీ గడ్డ కానీ అడ్డం లేదని చూసుకొని, ఏఎంఏ అనే యాంటీబాడీ పరీక్ష చేయించారు. పాజిటివ్. ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అన్నారు. మన ఒంట్లో రక్షణ వ్యవస్థే లివర్ లోపలి సన్నటి పిత్తనాళాల మీద దాడిచేసే జబ్బు ఇది. ఎక్కువగా నడివయసు ఆడవాళ్ళకే వస్తుంది. అర్సోడీఆక్సీకోలిక్ యాసిడ్ అనే మందు మనిషి బరువుని బట్టి, కిలోకి 13 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన రోజూ వాడాలి. తొందరగా మొదలుపెడితే లివర్ గట్టిపడిపోయే దశ చాలా ఏళ్ళు వెనక్కి పోతుంది. ఆ మందు లివర్‌ని కాపాడుతుంది కానీ దురదని పెద్దగా తగ్గించదు. దురదకి కొలెస్టిరమైన్ పొడి ఇచ్చారు. రెండూ ఒకేసారి వేసుకుంటే పొడి ఆ బిళ్ళని పట్టేసుకుంటుంది, అందుకని మధ్యలో గంటల ఎడం ఉండాలి. పల్లెలో గడియారం చూసి మందు వేసుకోవడం అత్తకి కష్టమే అయింది. ఇప్పుడు పొద్దున పాలవాడు వచ్చినప్పుడు పొడి, మధ్యాహ్నం అన్నం తిన్నాక బిళ్ళ అని గుర్తుపెట్టుకుంది.

సెట్రిజిన్ సంగతి కూడా చెప్పాలి. అత్తకి రాత్రికొకటి చొప్పున నెలలపాటు వేశారు. దద్దుర్లకి అది మంచి మందు, ఎందుకంటే అక్కడ దురద పుట్టించేది ఒంట్లో ఊరే హిస్టమిన్ అనే రసాయనం. లివర్ దురదకీ, కిడ్నీ దురదకీ హిస్టమిన్ ముఖ్య కారణం కాదు, కాబట్టి ఆ బిళ్ళ పెద్దగా పనిచేయదు, మత్తుకి కాస్త నిద్ర పడితే పడుతుంది. సక్రమంగా వేసుకున్నా బొత్తిగా తగ్గలేదంటే అదొక సమాచారం. డోసు పెంచుకుంటూ పోయే బదులు ఆ ముక్క డాక్టర్‌కి చెప్పాలి.

మన ప్రాంతంలో కిడ్నీ గురించి మాట్లాడకుండా దురద గురించి మాట్లాడలేం. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నుంచి వచ్చినవాళ్ళని ఏ బాధ గురించి అడిగినా నీళ్ళు అంటారు. దానికి కారణముంది. 1937లోనే, ఆ తాలూకాలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ ఉందని డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. ఇక్కడి గారపట్టిన పళ్ళు, వంగిపోయిన నడుములు చూసి రాసిందది. తాగే నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో ఎన్నో చోట్ల అంతకు మించి ఉంది. తరతరాల బాధ అది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఫ్లోరైడ్ పట్టుకునేది పళ్ళనీ ఎముకల్నీ. దురదకి కూడా నీళ్ళే కారణమని అనుకున్న క్షణం నుంచి ఆ మనిషికి పరీక్ష చేయించాలన్న ఆలోచన ఆగిపోతుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం, ఎందుకంటే అదే కనిగిరి వైపు కిడ్నీ రోగులు కూడా ఎక్కువ. నీళ్ళు పడలేదనుకొని క్యాన్ నీళ్ళు కొనుక్కొని తాగుతూ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో ఒక్కసారీ చూపించుకోని మనుషులు మా కుర్చీలో వచ్చి కూర్చుంటారు.

కిడ్నీ దురద ఎక్కువగా వీపు మీద, రెండు పక్కలా ఒకేలా, రాత్రిపూట వస్తుంది. చర్మం పొడిబారి పొట్టు రాలుతుంటుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళల్లో ఇది చాలామందికి ఉంటుంది. గాబాపెంటిన్‌ని తక్కువ డోసులో, డయాలసిస్ అయ్యాక ఇస్తే చాలామందికి ఉపశమనం ఉంటుంది. అమెరికాలో 2021లో దీనికోసమే డిఫెలికెఫాలిన్ అనే ఇంజెక్షన్‌కి అనుమతిచ్చారు. డయాలసిస్ వాళ్ళు దురద గురించి డాక్టర్‌తో అనరు, ఇంత పెద్ద జబ్బులో ఇదొక లెక్కా అనుకుంటారు. అనాలి. మందుంది కాబట్టి అనాలి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కిడ్నీ వల్ల దురద వచ్చేనాటికి కిడ్నీ చాలావరకు పాడై ఉంటుంది. దురదని చూసి కిడ్నీ జబ్బు కనిపెట్టడమంటే ఆలస్యంగా కనిపెట్టడమే. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బున్నవాళ్ళు దురద వచ్చేదాకా ఆగకూడదు, ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి. రిపోర్టు చదవడంలో కూడా ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. క్రియాటినిన్ 1.4 ఉంటే నార్మల్ కన్నా కాస్తే ఎక్కువ, పర్వాలేదంటారు. అరవై ఏళ్ళ ఆడమనిషికి 1.4 అంటే కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 43 మిల్లీలీటర్లు. మూడు నెలలపాటు 60 కన్నా తక్కువుంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందికే వస్తుంది. రిపోర్టులో క్రియాటినిన్ పక్కనే ఈ వడపోత ఎంతో చెప్పే ఈజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె ఉంటుంది. లేకపోతే వేసివ్వమని అడగండి, దానికి వేరే రక్తం అక్కర్లేదు, లెక్కకట్టడమే.

గర్భిణుల దురద గురించి చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. కడుపు దురద పెడితే బిడ్డకి జుట్టు మొలుస్తోందని పెద్దవాళ్ళు ముద్దుగా అంటారు. పొట్ట చర్మం సాగుతుంటే దురద రావడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. కానీ ఏడో నెల తర్వాత అరచేతులు, అరికాళ్ళు దురద మొదలై, రాత్రి నిద్ర లేకుండా చేస్తూ, పొక్కులేమీ లేకపోతే మాత్రం ఆ మాటతో ఊరుకోకూడదు. గర్భంలో పిత్తం సరిగా పారకపోవడం వల్ల వచ్చే దురద కావచ్చు. దానికి లివర్ పరీక్షతోపాటు బైల్ యాసిడ్స్ అని రక్తపరీక్ష ఉంది. ఆ అంకె లీటరుకి 100 మైక్రోమోల్స్ దాటితే కడుపులోనే బిడ్డ చనిపోయే ప్రమాదం పెరుగుతుంది, అందుకని డాక్టర్లు కాన్పు ముందే చేసేయాలా అని ఆలోచిస్తారు. తల్లికి కాన్పయ్యాక దురద దానంతటదే పోతుంది. మందుల షాపులో కాలమైన్ లోషన్ కొని పంపించే కేసు కాదిది. నెలనెలా చెకప్‌కి పోయినప్పుడు అడగకపోయినా చెప్పండి. ఊళ్ళో ఏఎన్ఎం అమ్మకి చెప్పినా సరే, చెప్పండి.

మిగతా కారణాలు త్వరగా చెప్పేస్తాను. థైరాయిడ్ ఎక్కువైనా తక్కువైనా దురద రావచ్చు. ఐరన్ తగ్గినా రావచ్చు, మన ఆడవాళ్ళల్లో అది తక్కువేం కాదు. స్నానం చేసి తుడుచుకోగానే సూదులతో పొడిచినట్టు ఉండి, ఒంటిమీద ఏమీ కనపడకపోతే హిమోగ్లోబిన్ చూడాలి. పద్దెనిమిదో పంతొమ్మిదో వస్తే రక్తం బాగా పట్టిందని ఇంట్లోవాళ్ళు సంతోషపడతారు, కానీ అది పాలీసైథీమియా వెరా అనే రక్తం జబ్బు కావచ్చు. 2005లో కనుక్కున్న జాక్2 అనే జన్యుమార్పు పరీక్షతో దాన్ని తేలుస్తారు. కుర్రవాళ్ళల్లో ఒళ్ళంతా దురద, మెడలో నొప్పిలేని గడ్డ, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, బరువు తగ్గడం ఇవన్నీ కలిస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా గుర్తుకు రావాలి. చేతులు కాళ్ళ మీద నెలల తరబడి మానని దురద పొక్కులుంటే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోవాలి, ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం, రహస్యంగా ఉంచుతారు. కొత్తగా వేసుకుంటున్న బీపీ మందు, గౌట్ మందు, నొప్పి బిళ్ళ ఏదైనా సరే, ఆ పేర్లన్నీ డాక్టర్‌కి చెప్పాలి.

ఇప్పుడు రెండో పక్క, అడగకుండా రాసే టెస్టుల సంగతి. దురద అనగానే వేలకు వేలు పోసి అలర్జీ ప్యానెల్ చేయించుకొని వస్తున్నారు. వందకి పైగా తిండి పదార్థాలు, దుమ్ము, పుప్పొడి అన్నిటికీ ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ అంకెలు. అందులో పది పదిహేను పాజిటివ్ రావడం మామూలే. పాజిటివ్ అంటే ఒంటికి ఆ పదార్థం పరిచయమైందని అర్థం, దానివల్లే దురద వస్తోందని కాదు. ఆ కాగితం పట్టుకొని మళ్ళీ గోధుమ మానేస్తారు, వేరుశనగ మానేస్తారు. నెలల తరబడి ఉన్న దురదకి అది జవాబిచ్చే సందర్భాలు చాలా తక్కువ. దానికి పెట్టే డబ్బులో చిన్న భాగంతో బ్లడ్ కౌంట్, ఈఎస్ఆర్, క్రియాటినిన్, పూర్తి లివర్ ప్రొఫైల్, షుగర్, థైరాయిడ్, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, మూత్రపరీక్ష అన్నీ అయిపోతాయి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల్లో వీటిలో చాలావరకు డబ్బు కట్టకుండానే అవుతాయి. అవసరాన్ని బట్టి ఛాతీ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ డాక్టర్ చెప్తారు.

అట్లాగని దురద పెట్టిన ప్రతి మనిషికీ ఈ లిస్టు రాయమని నేను అనడం లేదు. ఎక్కువ దురదలు చర్మానివే. ఇంట్లో ముగ్గురు నలుగురికి ఒకేసారి, రాత్రి ఎక్కువగా, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ ఉంటే అది గజ్జి, దానికి ఏ రక్తపరీక్షా అక్కర్లేదు. పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ళ దాకా, ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకొని, వారానికి మళ్ళీ రాసుకొని, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతుక్కుంటే పోతుంది. దురద ఉన్న పిల్లవాడికి ఒక్కడికే రాస్తే పోదు. హాస్టళ్ళలో ఏడాది పొడుగునా గజ్జి తిరగబెట్టడానికి అదే కారణం. వయ్యారిభామ కలుపు మొక్క పడని రైతుకి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లబడి మందంగా అవుతాయి. ఇవన్నీ కళ్ళతో చూసి చెప్పగలిగినవి.

కానీ చూడటమే జరగడం లేదు. ఓపీలో జనం తోసుకుంటుంటారు, డాక్టర్ ముంజేయి చూసి మందు రాస్తారు. మగ డాక్టర్ ముందు జాకెట్ విప్పి వీపు చూపించాలంటే ఆడవాళ్ళు ఇష్టపడరు, వాళ్ళని తప్పుపట్టలేం. ఒక తెర, పక్కన ఒక నర్సమ్మ, మంచి వెలుతురు ఉంటే చాలు. ఈ మూడూ లేకే సగం దురదలకి పేరు దొరకడం లేదని నా నమ్మకం. మన ఒంటిరంగు సంగతి కూడా ఉంది. పుస్తకాల్లో బొమ్మలు తెల్లతోలు మీద తీసినవి, ఎర్రటి మచ్చ అని రాసుంటుంది. చామనఛాయ మీదా, నలుపు మీదా అదే మచ్చ ఊదాగానో, బూడిదరంగులోనో, ఉన్న రంగుకన్నా కాస్త ముదురుగానో ఉంటుంది. ఎరుపు లేదు కాబట్టి వాపు లేదనుకుంటే తప్పిపోతుంది. కనురెప్పల మీద ఊదారంగు, వేలి కణుపుల మీద గరుకు మచ్చలు, ఎద పైభాగంలోనూ భుజాల మీదా దురద, వీటితోపాటు పీట మీద కూర్చుంటే లేవలేకపోవడం, జడ వేసుకోవడానికి చేతులు లేవకపోవడం ఉంటే అది ఎండ పడకపోవడం కాదు. డెర్మటోమయోసైటిస్ కావచ్చు. కండరాలకీ చర్మానికీ కలిపి వచ్చే జబ్బు, పెద్దవయసులో కొందరికి దాని వెనక క్యాన్సర్ కూడా దాగి ఉంటుంది.

దురద లేకపోవడం కూడా ఒక్కోచోట కబురే. పాలిపోయిన మచ్చ, దురద లేదు, నొప్పి లేదు, స్పర్శ కూడా లేదంటే కుష్ఠు పరీక్ష చేయించాలి. ప్రభుత్వం మందు ఉచితంగా ఇస్తుంది, ఆరు నెలలో ఏడాదో వాడితే పోతుంది. బాధలేదు కదా అని వదిలేసినవాళ్ళే చివరికి వేళ్ళు పోగొట్టుకుంటున్నారు.

ఆగకుండా ఆసుపత్రికి పోవాల్సినవి కొన్నున్నాయి. దద్దుర్లతోపాటు పెదాలు, నాలుక వాచి ఊపిరి ఆడకపోవడం. కొత్త మందు మొదలుపెట్టాక జ్వరం, ముఖం వాపు, నోట్లో పుండ్లు, చర్మం మండుతూ ఊడిరావడం. గాజు గ్లాసు పెట్టి నొక్కినా పాలిపోని ఊదా చుక్కలు. మూత్రం చిక్కటి టీ రంగులో, దొడ్డికి సుద్దరంగులో వస్తూ దురద. వీటికి రేపు చూద్దాం అనేది లేదు.

డాక్టర్ దగ్గరికి పోయేముందు ఒక కాగితం మీద రాసుకోండి. దురద ఎప్పుడు మొదలైంది, పొక్కు ముందా దురద ముందా, రాత్రి ఎక్కువా పగలా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఏ ట్యూబులు రాశారు, ఏ ఇంజెక్షన్ వేశారు, రోజూ ఏ బిళ్ళలు వేసుకుంటున్నారు. వాడేసిన ట్యూబులు పారేయకుండా కవర్లో వేసి తీసుకుపోండి. రాసిన ట్యూబు సంగతి దాస్తే డాక్టర్ మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

చివరిగా నా తోటి ల్యాబు వాళ్ళకి ఒక మాట. చీటీలో బిలిరుబిన్ ఒక్కటే రాసుంది, ఎదురుగా ఉన్న మనిషి కుర్చీలో కూర్చొని కూడా చేతులు గీరుకుంటున్నాడు. అప్పుడు ఆ డాక్టర్‌కి ఒక ఫోన్ చేయండి. దురద ఉన్నట్టుంది సార్, ఏఎల్‌పీ, జీజీటీ, క్రియాటినిన్ కూడా పెట్టమంటారా అని అడగండి. చాలామంది డాక్టర్లు పెట్టమనే అంటారు, నాకు ఇంతవరకు ఎవరూ విసుక్కోలేదు. తీసిన రక్తమే సరిపోతుంది, రెండోసారి సూది గుచ్చాల్సిన పని లేదు.